ఎందుకు మాస్టారు

నిజానికి ఆయన మాస్టారు కాదు. ఏ బళ్లోనూ ఏనాడూ సుద్దముక్క పట్టుకోలేదు. ప్రభుత్వ కార్యాలయాలన్నీ ఒకేచోట ఉన్న ఐదంతస్తుల భవనం కింద, మెట్ల మలుపు దగ్గర, ఒక బల్లా రెండు కుర్చీలూ వేసుకుని జనానికి ఇంగ్లీషులో అర్జీలు రాసిపెడతాడు. ఇరవై ఏడేళ్లుగా అదే పని, అదే చోటు. వాన పడితే బల్లను గోడవైపు జానెడు జరుపుకుంటాడు. వాన వెలిస్తే ఇవతలికి లాక్కుంటాడు. ఆయన చేసిన ప్రయాణాలు చాలావరకు అవే.

‘ఎందుకు మాస్టారు’ అని పేరు పెట్టింది పక్కనే జెరాక్స్ మిషను పెట్టుకున్నాయన. ఆయనకి మిషను తిరుగుతున్నంతసేపూ నోరు కూడా తిరగాలి. పేరు పెట్టడంలో ఆయన తప్పేమీ లేదు. అర్జీ కోసం ఎవరు వచ్చినా మాస్టారు కూర్చోబెట్టి, ముందుగా “ఎందుకు?” అని అడుగుతాడు. వాళ్లేదో చెబుతారు. కలం ముట్టుకోడు. “అది సరే, ఎందుకు?” అంటాడు. వాళ్లు నీళ్లు నమిలి ఇంకోటి చెబుతారు. అప్పటికీ ముట్టుకోడు. మూడోసారి అడుగుతాడు. ఈలోగా వచ్చినవాడికి ఒళ్లు మండుతుంది. ఆ మంటలో కడుపులో ఉన్న మాట బయటికి వచ్చేస్తుంది. అప్పుడు కలం మూత తీస్తాడు.

మొదటి జవాబు ఎవరో నేర్పి పంపింది. రెండోది ఎదుటివాడికి నచ్చుతుందని చెప్పేది. మూడోదే మనిషిది. ఇదీ మాస్టారి లెక్క. ఈ లెక్క ఎక్కడా నేర్చుకోలేదు, కూర్చోగా కూర్చోగా పట్టుబడింది.

ఒకసారి ఓ డ్రైవరు వచ్చాడు, రాత్రి డ్యూటీ మార్చమని అర్జీ కావాలన్నాడు. ఎందుకంటే ఒంట్లో బాగోలేదన్నాడు. అది సరే ఎందుకంటే, పైవాళ్లకి ఎక్కువ సేవ చేద్దామని అన్నాడు. జెరాక్స్ ఆయన కిసుక్కున నవ్వాడు. మూడోసారి అడిగేసరికి డ్రైవరు కుర్చీలోంచి సగం లేచి, “నేను ఇంటికెళ్లేసరికి పాప బడికెళ్లిపోతుందండీ. అది వచ్చేసరికి నేను డ్యూటీకి బయల్దేరతాను. మొన్న సెలవు పెట్టి ఇంట్లో ఉంటే, అంకుల్ ఎప్పుడెళ్తాడని వాళ్లమ్మని అడిగింది” అన్నాడు. మాస్టారు ఆ మాటే రాశాడు, ఇంగ్లీషులో, మర్యాదగా, నాలుగు వాక్యాల్లో. పగటి డ్యూటీ పదిరోజుల్లో వచ్చింది.

కడుపులో మాట పట్టుకోవడం సగం పని. దానికి ఇంగ్లీషులో ఏ గిన్నె సరిపోతుందో చూడటం మిగతా సగం. మనకి ‘కోసం’ అనే మాట ఒక్కటుంటే చాలు. పాలప్యాకెట్టు కోసం వెళతాం, ప్రాణం కోసం పరిగెడతాం, ఎవరికోసమో ఎదురుచూస్తాం. ఇంగ్లీషులో అలా కుదరదు. మామూలు పనికి ఉత్త ‘టు’ చాలు. ముందే ఆలోచించి, ఏర్పాట్లు చేసుకుని చేసే పనికి ‘ఇన్ ఆర్డర్ టు’ వేయాలి. మంచినీళ్లు తాగడానికి లేచానన్నచోట దాన్ని వేస్తే గ్లాసుకి కోటు తొడిగినట్టుంటుంది. ఒకరు ఏదో చేస్తే ఇంకొకరికి మేలు జరిగేటప్పుడు ‘సో దట్’ చక్కగా అతుకుతుంది. తండ్రి డ్యూటీ మారితే కూతురు అతన్ని గుర్తుపడుతుంది, అక్కడ సో దట్. పెద్ద అధికారులకి ‘విత్ ఎ వ్యూ టు’ అంటే ఇష్టం, కాకపోతే దాని వెనకొచ్చే క్రియకి ‘ఇంగ్’ తగిలించాలి, ఈ ఊళ్లో సగంమంది అది మర్చిపోతారు. ‘ఫర్ ది పర్పస్ ఆఫ్’ బ్యాంకులకీ ధ్రువపత్రాలకీ పనికొస్తుంది, అందులో పని ఉంటుంది గాని మనిషి ఉండడు. ఇక ‘ఇన్ ద హోప్ దట్’ అనేది ఒకటుంది. దాన్ని మాస్టారు రాయనే రాయడు. ఆశపడుతున్నానని కాగితం మీద పెడితే చదివేవాడు కుర్చీలో వెనక్కి వాలతాడట.

కొంతమంది సొంతంగా రాసుకుని తెస్తారు. ‘ఫర్ టు గెట్’ అని ఉంటుంది వాటిల్లో. మాస్టారు ఆ ‘ఫర్’ మీద సన్నగా గీత పెట్టి, “రెండు చెప్పులూ ఒకే కాలికి వేసుకున్నారు” అంటాడు. కసిరింది లేదు, నవ్వింది లేదు.

నవ్వడం మానేసి మూడేళ్లయింది. పందొమ్మిదేళ్ల కూతురు, ఒక్కతే కూతురు, జ్వరమని ఆస్పత్రిలో చేరి తొమ్మిదో రోజున పోయింది. ఆ తొమ్మిది రోజులూ ఆస్పత్రి కాగితాలన్నీ మాస్టారే నింపాడు. డాక్టర్లు కూడా మెచ్చుకున్నారు. ఆ తర్వాత పదిహేను రోజులకి మరణ ధ్రువపత్రం కోసం భార్యతో కలిసి ఇదే భవనంలో మూడో అంతస్తుకి వెళ్లాడు. ఆ ఫారంలో కింద ఒక గడి ఉంటుంది, ఈ పత్రం ఏ ప్రయోజనం నిమిత్తం కోరుతున్నారు అని. మాస్టారు ఆ గడి దగ్గర ఆగను కూడా ఆగలేదు. ఊళ్లోవాళ్లకి రాసినంత తేలిగ్గా, గడి గీతలు తగలకుండా, ‘ఫర్ ది పర్పస్ ఆఫ్ రికార్డ్’ అని రాశాడు. గుమాస్తా దాన్ని చూసి, “అందరూ మీలా నింపితే మా ప్రాణం హాయిగా ఉంటుంది మాస్టారూ” అన్నాడు. మాస్టారు థాంక్స్ చెప్పాడు. పక్కన నిలబడ్డ భార్య ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపు ఆయన కంటపడింది, కానీ దానికేం చేయాలో తెలియలేదు.

ఏడవలేదు ఆయన. గుండె రాయి చేసుకున్నాడని అందరూ అన్నారు. రాయి చేసుకోవడానికి కాస్త శ్రమ పడాలి కదా, ఆయన ఆ శ్రమ కూడా పడలేదు. ఏడుపు ఉండాల్సిన చోట చెయ్యి పెట్టి వెతుక్కుంటే ఏమీ తగల్లేదు, అంతే. తొమ్మిదింటికి బల్ల దగ్గరికి వెళ్లడం, ఆరింటికి ఇంటికి రావడం, పెట్టింది తినడం, వార్తలు చూడటం. కూతురి చెప్పులు గుమ్మం దగ్గరే ఉండేవి. భార్య ఊడ్చేటప్పుడు వాటిని ఎత్తి, ఊడ్చి, మళ్లీ అక్కడే పెట్టేది. ఆయన వాటిని తప్పించుకుని లోపలికి నడిచేవాడు.

భార్య అంతకుముందు బట్టలు కుట్టేది. కుట్టుమిషను కిటికీ కింద ఉండేది, వీధిలో సగంమంది ఆడవాళ్లు దాని చుట్టూ చేరేవాళ్లు. కూతురు పోయాక మిషను మీద దుప్పటి కప్పేసింది. వచ్చేవాళ్లు నాలుగుసార్లు వచ్చి, ఇంక రావడం మానేశారు. ఇంట్లో ఇద్దరూ మాట్లాడుకునేవి గ్యాసు, కరెంటు, నీళ్లు. ఎప్పుడైనా ఆమె ఇంకేదైనా ఎత్తితే ఆయన ఊఁ కొట్టేవాడు. ఊఁ కొట్టడానికి వినక్కర్లేదు.

ఒక మంగళవారం పదకొండింటికి బల్ల దగ్గర వరుసలో నలుగురున్నారు. మాస్టారు తల వంచుకుని ఒకాయన అర్జీ పూర్తిచేసి, ఆయన చేతిలో పెట్టి, తర్వాతి మనిషి కుర్చీ లాగిన చప్పుడు విని, చూడకుండానే “కూర్చోండి” అన్నాడు. తలెత్తితే భార్య.

ఆమె వరుసలో నిలబడి వచ్చిందన్న సంగతి ఆయనకి తెలీదు. జెరాక్స్ ఆయన ముందే చూశాడు. “వదినా, మీకు లైనేంటి, ముందుకి రండి” అన్నాడట. “పర్లేదు అన్నయ్యా, నా వంతు రానివ్వండి” అని ఆమె ముగ్గురి వెనక నిలబడింది.

“ఏంటిలా వచ్చావు? తాళంచెవి మర్చిపోయావా?” అన్నాడు మాస్టారు.

“అర్జీ రాయించుకోవాలి.”

“ఇంట్లో చెబితే రాసేవాణ్ణిగా.”

“ఇంట్లో చెప్పాను. రెండుసార్లు చెప్పాను. ఊఁ అన్నారు.”

ఆయన గుర్తుచేసుకోబోయాడు. ఏదో చెప్పినట్టే ఉంది. వార్తలు వస్తున్నప్పుడో, చెయ్యి కడుక్కుంటున్నప్పుడో. ఆమె చేతిసంచీలోంచి మడతపెట్టిన పేపరు ముక్క తీసి బల్ల మీద పరిచింది. ఎక్కడో నాలుగు గంటల బస్సు దూరంలో నర్సింగు చదివే అమ్మాయిల హాస్టల్‌కి మేట్రన్ కావాలట. అక్కడే ఉండాలి. గది వాళ్లే ఇస్తారు. దరఖాస్తు ఇంగ్లీషులో ఉండాలి.

ఆమెకి ఇంగ్లీషు రాదు. ఇంతకీ ఎవరిచేతయినా రాయించుకోవచ్చు. భవనానికి అవతలి గేటు దగ్గర ఇంకో ఇద్దరున్నారు, ఈయనకంటే తొందరగా రాసిచ్చేస్తారు కూడా.

“ఎందుకు?” అన్నాడు మాస్టారు. భర్తగా అడిగాడని మీరు అనుకోవద్దు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా నోట్లోంచి అదే వస్తుంది.

“జీతమిస్తారు, గదిస్తారు.”

“అది సరే. ఎందుకు?”

“ఇంట్లో తోచట్లేదు. ఆడపిల్లలు నలుగురూ అటూ ఇటూ తిరుగుతుంటే కాస్త పొద్దుపోతుంది. వాళ్లకీ ఓ పెద్దదిక్కు ఉన్నట్టుంటుంది.”

అక్కడితో ఆపి ఉండాల్సింది. ఆ జవాబుతో అర్జీ బ్రహ్మాండంగా వస్తుంది. వరుసలో వెనకాయన కూడా గడియారం చూసుకుంటున్నాడు. కానీ ఇరవై ఏడేళ్ల అలవాటు మొగుడనీ పెళ్లామనీ చూడదు కదా.

“ఎందుకు?” అన్నాడు మూడోసారి.

ఆమె బల్ల మీదున్న తెల్లకాగితాల దొంతర వైపు చూసింది. గొంతు పెంచలేదు.

“మీరున్నచోట నాకు ఏడుపు రావట్లేదు. మూడేళ్లయింది. మీరు ఎదురుగా అంత మామూలుగా కూర్చుని ఉంటే, నేనొక్కదాన్నే ఏడవడం ఏదో తప్పు చేస్తున్నట్టుంటుంది. ఎక్కడికైనా వెళ్లి ఏడవాలి.”

జెరాక్స్ మిషను ఎవరివో సర్టిఫికెట్లు ఒకటి తర్వాత ఒకటి కక్కుతూనే ఉంది. జెరాక్స్ ఆయన నోరు మాత్రం ఆగిపోయింది. మాస్టారు కలం మూత తీశాడు. మూడో జవాబు వచ్చాక మూత తీయాలి, అంతవరకే ఆయనకి తెలుసు.

“వయసు?” అన్నాడు.

“మీకు తెలీదా?”

“యాభై ఒకటి” అని తనే చెప్పుకుని రాసుకున్నాడు. చదువు రాశాడు. కుట్టుపని వచ్చనీ, ఇల్లు నడిపిన అనుభవం ఉందనీ రాశాడు. తర్వాత అసలు వాక్యం రావాలి, ఎందుకు కోరుతున్నానూ అనేది. ఆయనకి ఆ మూడో జవాబు ఇంగ్లీషులో చకచకా కూడుకుంది. ఇక్కడ ఉత్త టు చాలదు, ఇది ఆలోచించుకుని, ఏర్పాటు చేసుకుని వెళ్లడం కదా, ఇన్ ఆర్డర్ టు వీప్ అనాలి. ఎక్కడా తప్పు లేదు. ఏ ఇంగ్లీషు పండితుడూ దాని మీద ఎర్రగీత పెట్టలేడు. కాకపోతే ఏ హాస్టల్ వాళ్లూ ఉద్యోగం ఇవ్వరు.

ఇంకో సంగతి కూడా ఆయన బుర్రలో మెదిలింది. అర్జీ ఎలా రాస్తే నెగ్గుతుందో తెలిసినవాడికి, ఎలా రాస్తే చెత్తబుట్టలోకి పోతుందో కూడా తెలుస్తుంది. మొదటి వాక్యంలో ఒక ‘ఆశపడుతున్నాను’, చివర్లో ఒక ‘సొంత పని నిమిత్తం’, ఆ రెండూ చాలు. భార్యకి ఇంగ్లీషు రాదు. ఎవరికీ తెలీదు. ఆ ఆలోచన వచ్చింది, కాసేపు కూర్చుంది, వెళ్లిపోయింది. దీన్ని మంచితనమని పొరబడకండి. చెడ్డ అర్జీ రాయాలంటే చేతికి మనసు చెప్పాలి. ఆ మనసు చెప్పేదేమీ లేకపోతే చెయ్యి తనకు అలవాటైన మంచి అర్జీనే రాసుకుపోతుంది.

అలా ఆయన జీవితంలో మొదటిసారి రెండో జవాబుతో అర్జీ రాశాడు. ఇళ్లు వదిలి వచ్చి చదువుకుంటున్న అమ్మాయిలను కనిపెట్టుకుని ఉండే ఉద్దేశంతో ఈ పని కోరుతున్నాను అని, విత్ ఎ వ్యూ టు పెట్టి, వెనక ఇంగ్ మర్చిపోకుండా తగిలించి. అమ్మాయిలు నిశ్చింతగా చదువుకోగలిగేలా అని సో దట్‌తో ఇంకో వాక్యం. జవాబు పంపాల్సిన చిరునామా దగ్గర, అందరికీ రాసినట్టే, తన బల్ల చిరునామా కేరాఫ్ రాశాడు. చాలామందికి ఉత్తరాలు ఆయన బల్ల దగ్గరికే వస్తాయి, ఆయనే చదివి వినిపించాలి కాబట్టి. ఈమె తన ఇంట్లోనే ఉంటుందన్న ధ్యాసే లేదు.

రాసింది తెలుగులో చెప్పాడు. ఆమె విని, వేలు పెట్టి చూపించినచోట సంతకం చేసింది.

“బాగా వచ్చిందా?”

“బాగా వచ్చింది.”

“ఇస్తారంటారా?”

“ఇస్తారు.”

ఆమె లేచింది. మాస్టారు “తర్వాతి వాళ్లు రండి” అన్నాడు. వెనకాయన వచ్చి కూర్చున్నాడు.

భోజనం వేళకి వరుస ఖాళీ అయ్యాక జెరాక్స్ ఆయన మిషను ఆపేసి వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన మొహం ఎర్రబడి ఉంది.

“మాస్టారూ, మీకు మతుందా? వదినగారు ఇల్లొదిలి పోతానంటే అర్జీ రాసిపెడతారా?”

“అడిగింది, రాశాను.”

“ఊళ్లోవాళ్లందర్నీ ఎందుకెందుకని ప్రాణం తీస్తారే, సొంత పెళ్లాన్ని ఒక్కసారి వద్దనలేకపోయారా?”

మాస్టారు కాసేపు ఆలోచించాడు. అది తన పనిలోకి రాదనిపించింది. “ఆమె ఇష్టం” అన్నాడు. జెరాక్స్ ఆయన తల కొట్టుకుని లేచిపోయాడు. మూడు రోజులు ఆయన మాస్టారితో మాట్లాడలేదు. మాస్టారికి తేడా తెలియలేదు.

అర్జీ వెళ్లాక రెండు వారాలు గడిచాయి. ఇంట్లో ఒక్కొక్కటే మారుతూ వచ్చింది. వంటగదిలో డబ్బాలన్నిటి మీదా తెల్లకాగితం చీటీలు అతికాయి. ఉప్పు, పంచదార, టీపొడి, గుండ్రటి అక్షరాలతో. గ్యాసు బుక్ చేసే నెంబరు గోడకి ఎక్కింది. కుట్టుమిషను దుప్పటి తీసి ఆమె ఒక పాత సంచీకి కొత్త జిప్పు వేసింది. ఇంట్లో ఆ మిషను చప్పుడు విని మూడేళ్లయింది, పక్కింటావిడ కిటికీలోంచి తొంగిచూసింది. మాస్టారు టీవీలో వార్తల గొంతు కాస్త పెంచుకున్నాడు. గుమ్మం దగ్గరికి వచ్చి మాత్రం రోజూ ఆమె అడిగేది, “ఉత్తరం ఏమైనా వచ్చిందా?” అని. “రాలేదు” అనేవాడు. అప్పటికి అది నిజమే.

సోమవారం పొద్దున్న పోస్టుమాన్ నాలుగు కవర్లు బల్ల మీద పడేసి వెళ్లాడు. మూడు అర్జీదారులవి. నాలుగోదాని మీద భార్య పేరు, కింద కేరాఫ్ తన పేరు. మాస్టారు కవరు చింపకుండా అంచు వెంట కత్తిరించి, ఉత్తరం తీసి చదివాడు. తమ దరఖాస్తును ఆమోదించాం, శనివారం సాయంత్రం ఐదు గంటలలోగా వచ్చి చేరాలి, చేరని పక్షంలో మరొకరిని తీసుకుంటాం. మంచి ఇంగ్లీషే. ఒక్కచోట కామా తప్పుగా పడింది.

దాన్ని మడిచి, సొరుగులో కార్బన్ కాగితాల కింద పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆయనకి తెలియదు. ఇంటికి పట్టుకెళ్లడానికి జేబు ఉంది, సంచీ ఉంది. అయినా సొరుగులో పెట్టాడు.

ఆ సాయంత్రం గుమ్మం దగ్గర ఆమె అడిగింది, “ఏమైనా వచ్చిందా?”

“రాలేదు.”

ఆ అబద్ధం అంత సాఫీగా ఎలా జారిందో ఆయనకే వింతగా ఉంది. మంగళవారం కూడా అదే ప్రశ్న, అదే జవాబు. మంగళవారం ఆయన టీ తాగుతూ డబ్బా మీది చీటీ చదివాడు, టీపొడి అని. పొడిలో ‘డి’కి గుడి కాస్త వంకరగా పెట్టింది. దాని వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు, టీ చల్లారిపోయింది.

బుధవారం కూడా “రాలేదు” అన్నాడు. ఆమె లోపలికెళ్లి, జిప్పు వేసిన సంచీలో సర్దుకున్న బట్టలు తీసి, ఒక్కొక్కటే మళ్లీ బీరువాలో పెట్టుకోవడం మొదలుపెట్టింది. “ఇంక రాదులెండి” అంది, ఆయన వైపు చూడకుండా. “ఎవరినో తీసేసుకుని ఉంటారు.” బట్టలన్నీ పెట్టేసి సంచీ మడిచి మంచం కిందికి తోసింది. ఆమె మొహంలో బాధ ఉందా, తేలికపడటం ఉందా అని మాస్టారు వెతికాడు. ఆ వెతుకులాటే కొత్త. అయినా ఏదీ తేల్చుకోలేకపోయాడు.

గురువారం పొద్దున్న ఒక ముసలావిడ వచ్చింది. పింఛను ఉత్తరం కోసం నెలరోజులుగా తిరుగుతోంది. ఆవిడ ఉత్తరం వచ్చి ఉంది. మాస్టారు సొరుగు తెరిచి, తీసి, చదివి వినిపించాడు. ఆవిడ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, “నా మాట నాకు తెచ్చిచ్చావు బాబూ” అని వెళ్లిపోయింది. సొరుగు ఇంకా తెరిచే ఉంది. కార్బన్ కాగితాల కింద ఆ కవరు మూల కనిపిస్తోంది. ఇరవై ఏడేళ్లలో ఆ బల్ల మీదికి వచ్చిన ఉత్తరం ఒక్కటి కూడా దాని మనిషికి చేరకుండా ఆగలేదు. ఎవరైనా అడిగితే మాస్టారు తన గురించి చెప్పుకోగలిగింది ఆ ఒక్కటే.

మధ్యాహ్నం భోజనానికి ఎప్పుడూ ఇంటికి వెళ్లనివాడు ఆ రోజు వెళ్లాడు. భార్య వంటగది గట్టు తుడుస్తోంది. ఈ వేళప్పుడు వచ్చాడేమిటా అని తిరిగి చూసింది. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, కవరు తీసి, “ఉత్తరం వచ్చింది” అన్నాడు. ఆమె గుడ్డ పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఎదురుగా ఉన్న స్టూలు మీద కూర్చుంది. అర్జీదారులకి చెప్పినట్టే, తేదీతో మొదలుపెట్టి, ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. ఆమోదించారు. గది సిద్ధంగా ఉంది. శనివారం సాయంత్రం ఐదింటిలోగా చేరాలి. లేకపోతే ఇంకొకరిని తీసుకుంటారు. కింద సంతకం ప్రిన్సిపాల్‌ది.

ఆమె చివరిదాకా విన్నది.

“ఎప్పుడొచ్చింది?” అంది.

“సోమవారం.”

“ఇవాళ గురువారం.”

“అవును.”

“మరి రోజూ అడిగితే రాలేదన్నారు.”

“అన్నాను.”

“అబద్ధం చెప్పారా?”

“చెప్పాను.”

ఆమె ఆయన వైపు చూసింది. కోపం కాదది. మూడో అంతస్తులో గుమాస్తా ముందు చూసిన చూపు కూడా కాదు. పెళ్లయిన కొత్తల్లో ఎప్పుడో ఆయన ఏదో చేతకాని పని చేసి దొరికిపోయినప్పుడు అలా చూసేది. ముక్కు పక్కన చిన్న ముడత పడింది. స్టూలు మీద కాస్త ముందుకి జరిగింది.

“శనివారం సాయంత్రం దాటితే వాళ్లు ఇంకొకర్ని తీసేసుకునేవాళ్లు.”

“అవును.”

“నేను కూడా రాలేదనే అనుకున్నాను. బట్టలు కూడా తీసి లోపల పెట్టేశాను.”

“చూశాను.”

“ఇంకో రెండు రోజులు ఉంచుకోలేకపోయారా?” అంది.

మాస్టారు నోరు తెరిచాడు. చెప్పాల్సింది చాలా ఉందనిపించింది. మూడేళ్లుగా ఎక్కడ చెయ్యి పెట్టినా తగలనిది ఇప్పుడు గొంతుకి అడ్డంగా తగులుతోంది, మింగితే దిగడంలేదు. నొప్పిగా ఉంది. ఆ నొప్పిని ఎలా చెప్పాలో ఆయనకి తెలియలేదు. ఎవరిదైనా అయితే రాసిపెట్టేవాడు.

“నీ ఉత్తరం కదా” అన్నాడు.

“అవును, నాదే.”

ఆమె చెయ్యి చాచింది. ఆయన ఇచ్చాడు. మడతల మీదే మళ్లీ మడిచి, కవర్లో పెట్టి, కాసేపు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“పోనీ...” అన్నాడు మాస్టారు.

ఆమె ఎదురుచూసింది. గోడ మీద గడియారం ముల్లు రెండుసార్లు కదిలింది.

“వినేశాను కదండీ” అంది ఆమె, చాలా మెల్లగా. “ఇంక విననట్టు ఉండలేను.”

లేచి, మంచం కిందికి వంగి సంచీ బయటికి లాగింది.

“రేపు పొద్దున్న ఏడింటికి బస్సు. మీరు లేవక్కర్లేదు, తలుపు దగ్గరకి వేసి వెళ్తాను” అంది.